ఆంగ్లమున ‘జి–హెచ్’ అక్షరయుగ్మము: దాని పుట్టుపూర్వోత్తరములు

ఆంగ్లభాష నేర్చు మన విద్యార్థిని మొదట ఆశ్చర్యపఱచి పిమ్మట విసిగించు విషయములలో జి, హెచ్ అను రెండక్షరముల జంట యొకటి. రాత్రి యను నర్థముగల ‘నైట్’ అను పదమున ఈ జంట వ్రాతలో నుండును గాని పలుకదు. నవ్వుట యను నర్థముగల ‘లాఫ్’ అను పదమున ఫకారముగ పలుకును. ప్రేతమును తెలుపు ‘గోస్ట్’ అను పదమున గకారముగ పలుకును. వెక్కిలిని తెలుపు ‘హికప్’ అను పదమును ఈ జంటతో ముగించి వ్రాయు పద్ధతియు నొకటి కలదు. అచ్చట అది పకారము. దీనికి ముందు ఓ, యు అను అచ్చులు చేరి నాలుగక్షరముల గుంపైనచో చిక్కు మఱింత పెరుగును. అయినను అను నర్థమున ‘దో’, గుండా అను నర్థమున ‘త్రూ’, దగ్గు ‘కాఫ్’, గరుకు ‘రఫ్’, నాగలి ‘ప్లౌ’, తలంపు ‘థాట్’, సమగ్రము ‘థరా’, వెనుక చెప్పిన ‘హికప్’, ఐర్లండున సరస్సునకు పేరైన ‘లాఖ్’—ఈ తొమ్మిదింటను గుంపు ఒక్కటియే, పలుకుబడులు తొమ్మిది.

ఆంగ్ల వర్ణక్రమమునకు నియమము లేదు, కంఠస్థము చేయుటయే శరణ్యము అని తరగతిగదులలో చెప్పుట వాడుక. ఈ మాట సగమే నిజమని నా యభిప్రాయము. ఒకే వేషము ధరించి వచ్చిన అయిదాఱు వేర్వేఱు చరిత్రలను మనము ఒకటిగా లెక్కించుటచేతనే ఇంత గందరగోళము కనిపించుచున్నది. ప్రతి పదమును దాని వంశమడిగినచో సమాధానము తఱచుగ దొరకును.

వంశమడుగకపోవుటచే పుట్టిన పరిహాసమొకటి లోకప్రసిద్ధము. జి, హెచ్, ఓ, టి, ఐ అను అయిదక్షరములను వరుసగ వ్రాసి దానిని చేప యను నర్థముగల ‘ఫిష్’ అని చదువవచ్చునని కొందఱు చమత్కరింతురు. ‘ఇనఫ్’లోని ఫకారము, ‘విమెన్’లోని ఇకారము, ‘నేషన్’లోని షకారము కూర్చినచో అట్లగునట. దీనిని జార్జి బెర్నార్డ్ షాకు ఆపాదించుట పరిపాటి. కాని 1855లో చార్లెస్ ఆలియర్ అను ప్రచురణకర్త లీ హంట్‌కు వ్రాసిన లేఖలోనే యిది కలదు. షా జన్మించినది 1856లో. కర్తృత్వము మాట అటుంచి, ఈ పరిహాసమున శాస్త్రదోష మొకటి యున్నది. ఆంగ్లమున ఏ పదమున గాని ఆదియందున్న జి–హెచ్ ఫకారముగ పలుకదు. పదాదిని గకారమే, ఫకారము వచ్చునది అచ్చు తరువాతనే. ఈ స్థానభేదము యాదృచ్ఛికము కాదు. పదాదిని వచ్చు జంటకును, పదమధ్యాంతములందు వచ్చు జంటకును పుట్టుకయే వేఱు.

మొదట పదమధ్యాంతములలోని దానిని చూతము. ఆంగ్లమునకు స్వకీయములైన పదములు ఈ వర్గమున చేరును. ప్రాచీనాంగ్లమున రాత్రికి ‘నిహ్ట్’ అనియు, కూతునకు ‘దోహ్తోర్’ అనియు పేర్లు. జర్మనుభాషలో నేటికిని ‘నాఖ్ట్’, ‘టోఖ్టర్’ అందురు. ఇంకను వెనుకకు పోయినచో మనకు పరిచితమైన భూమి తగులును. ‘నైట్’కు సంస్కృతమున జ్ఞాతి ‘నక్తమ్’. నక్తంచరుడనగా ఎవ్వరో మన పౌరాణికశ్రోత లెల్లరెఱుగుదురు. ఎనిమిదిని తెలుపు ‘ఎయిట్’కు ‘అష్ట’, కూతును తెలుపు ‘డాటర్’కు ‘దుహిత’, సరియైన దను నర్థముగల ‘రైట్’కు ‘ఋజు’, తూచుట యను నర్థముగల ‘వే’కు ‘వహ్’ ధాతువు జ్ఞాతులు. ‘లైట్’ విషయము విశేషమైనది. వెలుగను నర్థమున నున్న ‘లైట్’ సంస్కృతమునందలి ‘రుచ్’ ధాతువునకు, ‘రోచిస్సు’నకు చుట్టము, తేలిక యను నర్థమున నున్న ‘లైట్’ ‘లఘు’ శబ్దమునకు చుట్టము. వ్రాతలోను పలుకులోను ఒకటైన ఈ రెండు పదములు మూలమున వేర్వేఱు. తకారమునకు ముందు నిలిచిన వేర్వేఱు హల్లులు జర్మానిక శాఖయందు ఒక్క ఊష్మముగ మాఱుటచేత ఈ కలయిక సంభవించినది. 1822లో యాకోబ్ గ్రిమ్ సూత్రీకరించిన హల్లుల మార్పును చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఈ పదములు సంస్కృతమునుండి ఆంగ్లమునకు తరలిపోయినవని యుత్సాహముతో వ్రాయువారు మనలో నున్నారు. ఆ యుత్సాహమునకు ఆధారము లేదు. ఇవి ఒక్క మూలభాషనుండి రెండు దిక్కులకు సాగిన శాఖలు.

ఆ ఊష్మధ్వని యెట్టిది? దానిని వర్ణించుటకు మనము పాశ్చాత్యపరిభాషను ఆశ్రయింపనక్కఱలేదు. విసర్గము కఖలకు ముందున్నపుడు జిహ్వామూలమున ఉచ్చరింపబడుననియు, దానికి జిహ్వామూలీయమని పేరనియు పాణినీయము చదివినవారందఱు నెఱుగుదురు. ‘డాటర్’లో పూర్వము వినబడిన ధ్వని అదియే. ఇకారము తరువాత అది కొంచెము ముందునకు జరిగి తాలవ్యచ్ఛాయను పొందెడిది. స్కాట్లండు ప్రజలు నేటికిని తమ పలుకుబడిలో ‘నిఖ్ట్’, ‘డాఖ్టర్’ అని దానిని నిలుపుకొనియే యున్నారు.

ప్రాచీనాంగ్ల లేఖకులు ఈ ధ్వనిని ఒక్క హెచ్ అక్షరముతోనే వ్రాసిరి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట లేఖనము ఫ్రెంచి సంప్రదాయము నెఱిగిన లేఖకుల చేతికి పోయినది. వారి భాషలో హెచ్ బలహీనమైన అక్షరము. ఇట్టి గట్టి ధ్వనికి అది చాలదని వారికి తోచియుండును. ప్రాచీనాంగ్లపు జి అక్షరరూపమునుండి పుట్టిన ‘యోఖ్’ అను అక్షరమును కొందఱు వాడిరి. జి–హెచ్ జంటను మఱికొందఱు వాడిరి. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టరునందు ముద్రణాలయము స్థాపించెను. ఐరోపాఖండమునుండి వచ్చిన అచ్చులలో యోఖ్ లేదు. అచ్చు లేని అక్షరము క్రమముగ నశించినది, జంట నిలిచినది. స్కాట్లండున మాత్రము యోఖ్‌ను దాని యాకారమును పోలిన జెడ్‌తో అచ్చొత్తిరి. అందుచేతనే ‘మెంజీస్’ అని వ్రాయబడు ఇంటిపేరు అచ్చట సంప్రదాయముగ ‘మింగిస్’ అని పలుకబడును.

మనకును ఇట్టి యక్షరనష్టము జరిగినది. రేనాటిచోళుల శాసనములలో కనిపించు ఴకారము నన్నయనాటికి లేదు. తమిళమున ఏడను సంఖ్యకు నేటికిని ఆ యక్షరమే నిలిచియున్నది; మనకు డకారము వచ్చినది. మనయందు ధ్వని పోగా అక్షరము పోయినది. ఆంగ్లమున ధ్వని యుండగనే అక్షరము పోయి, దాని స్థానమున వచ్చిన జంట ఆ ధ్వని పోయిన తరువాతను మిగిలియున్నది.

ధ్వని పోయిన విధము గమనింపదగినది. ఇకారము తరువాత అది జాఱిపోయి, పోవుచు ముందున్న అచ్చును దీర్ఘము చేసినది. ‘నిహ్ట్’ ‘నీట్’ అయినది; పిమ్మట ఆంగ్లమున దీర్ఘాచ్చులన్నిటిని కదలించిన మహాపరివర్తనమున ‘నైట్’ అయినది. కాబట్టి ఈ పదమున ఆ జంట పలుకదనుట స్థూలదృష్టి. ఐకారమునకు కావలసిన దీర్ఘత్వమును సమకూర్చి పోయినది అదియే.

ఓ, ఉ వంటి అచ్చుల తరువాత కథ రెండు త్రోవల నడిచినది. కొన్ని పదములలో ధ్వని లోపించినది, కొన్నిటిలో ఫకారమైనది. ‘లాఫ్’, ‘కాఫ్’, ‘ఇనఫ్’, ‘రఫ్’, ‘టఫ్’, దొన్నె వంటి తొట్టి యగు ‘ట్రాఫ్’, గాలివాలును తెలుపు ‘డ్రాఫ్ట్’ మొదలైనవి రెండవ త్రోవవి. నాలుక మొదట పుట్టిన ధ్వని పెదవులకెట్లు చేరెనని విద్యార్థులడుగుదురు. దీనికిని మన శాస్త్రమున చక్కని యుపమానము కలదు. విసర్గమే కఖలకు ముందు జిహ్వామూలీయము, పఫలకు ముందు ఉపధ్మానీయము. ఉపధ్మానీయము పెదవుల నడుమ ఊదబడు ధ్వని, ఆంగ్లపు ఫకారమునకు మిక్కిలి దగ్గఱ. ఈ రెంటికి గల బంధుత్వమును మన ప్రాచీనులు గుర్తించి ఒక్క విసర్గమునకే రెండు రూపములుగా చెప్పిరి. భేద మొకటి మఱువరాదు. సంస్కృతమున మార్పునకు హేతువు తరువాతి హల్లు. ఆంగ్లమున ముందున్న అచ్చునకై పెదవులు గుండ్రమగుటయే హేతువు.

మఱి ‘దో’ యందు లోపము, ‘టఫ్’ యందు ఫకారము ఏల? దీనికి ధ్వనిసూత్రము చాలదు. ఇచ్చట మాండలికముల చరిత్రయే ప్రమాణము. ఒకే పదమును ఒక సీమవారు లోపముతోను, మఱొక సీమవారు ఫకారముతోను పలికిరి. లండను వాడుక ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క సీమ పలుకుబడిని ఏరుకొన్నది. సాక్ష్యములు ఇప్పటికిని మిగిలియున్నవి. కలిపిన పిండిని ‘డో’ అందురు. ఆ పిండితో ఉడికించు తినుబండారమును ‘డఫ్’ అందురు. రెండును ఒకే పదము. చాలు నను నర్థమున ‘ఇనఫ్’తో పాటు ‘ఇనౌ’ అను రూపము వెనుకటి కావ్యములలో కలదు. మఱుగుజ్జును తెలుపు ‘డ్వార్ఫ్’ ఇంకొక సాక్షి. ప్రాచీనాంగ్లమున దాని చివర గకారసదృశమైన హల్లుండెడిది, జర్మనున ‘ట్స్వెర్గ్’ అనునది నేటికిని గకారముతోనే వ్రాయబడును. ఆంగ్లులు మాత్రము పలుకు మాఱగనే వ్రాతనుగూడ ఎఫ్‌గ మార్చిరి. బ్యాంకులలో మనము తీసికొను ‘డ్రాఫ్టు’ సైతము గాలివాలు ‘డ్రాఫ్ట్’ పదమే. ఒక అర్థమునకు పాతవ్రాత, ఒక అర్థమునకు క్రొత్తవ్రాత నిలిచినవి.

షేక్స్పియరు ‘కింగ్ లియర్’ నాటకమున విదూషకుని పాటలో ‘డాటర్’కు ‘ఆఫ్టర్’ అనునది అంత్యప్రాసగ వచ్చును. దీనినిబట్టి ఆనాడు కొందఱు ‘డాఫ్టర్’ అని పలికెడివారని వాదింపవచ్చును. కాని అదే ప్రాసవరుసలో తాడను నర్థముగల ‘హాల్టర్’ కూడ నున్నది. దానియందు ఫకారమునకు తావులేదు. ‘ఆఫ్టర్’ పదమే ఫకారము కోల్పోయి ‘ఆటర్’ వలె వినబడియుండవచ్చును. ప్రాసను ప్రమాణముగ గొని ఉచ్చారణను నిర్ణయించు పరిశోధకులు, ఆంగ్లమునందైనను తెలుగునందైనను, ఈ పాట నొకసారి తలచుకొనుట మేలు. ఇంతకంటె గట్టి సాక్ష్యము వ్యాకర్తలది. మిల్టను చదివిన సెయింట్ పాల్స్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన అలెగ్జాండర్ గిల్ 1619లో ప్రకటించిన ‘లోగొనోమియా ఆంగ్లికా’యందు ఈ ధ్వనికి అడ్డగీత గల హెచ్‌ను ప్రత్యేకముగ వాడెను. అనగా ఆ తరము పండితులలో అది యింకను సజీవము. ఆ శతాబ్ది గడచునప్పటికి దక్షిణేంగ్లండు శిష్టవ్యవహారమున అది వినబడదు.

ధ్వని చచ్చిన తరువాత అక్షరములు అలంకారములైనవి. అలంకారము కనుక లేనివారును పెట్టుకొనిరి. సంతోషమను నర్థముగల ‘డిలైట్’ లాటిన్‌నుండి ఫ్రెంచి ద్వారమున వచ్చిన పదము. దానియందు ఆ ఊష్మ మెన్నడును లేదు. ‘లైట్’తో నేస్తముచేసి పదునాఱవ శతాబ్దిలో జి–హెచ్ తెచ్చుకొన్నది. చుఱుకైన దను నర్థముగల ‘స్ప్రైట్లీ’, అహంకారము గల దను నర్థముగల ‘హాటీ’ ఇట్టివే. పట్టుకొనుట యను నర్థముగల ‘క్యాచ్’ ఫ్రెంచి వంశజము. దాని భూతకాలరూపమైన ‘కాట్’ మాత్రము దేశీయక్రియల వరుసలో నిలువబడి ఈ జంటను ధరించినది. స్పెన్సరు ‘ఫెయిరీ క్వీన్’ (1590, 1596) కావ్యమున తెలుపును తెలుపు ‘వైట్’కును, పూర్తిగ నను నర్థముగల ‘క్వైట్’కును గూడ కంటికి ప్రాస కుదురుట కొఱకు జి–హెచ్ చేర్చెను. అవి నిలువలేదు, ‘డిలైట్’ నిలిచినది. ఎందుకని అడిగినచో వాడుక యనుటకంటె వేఱు సమాధానము నాకు కనబడదు.

తెలుగు చదివినవారికి ఈ ఘట్టమున అరసున్న జ్ఞాపకము రాకుండునా? సంవత్సరమను నర్థమున ‘ఏఁడు’, సంఖ్యార్థమున ‘ఏడు’. నేడు రెండును ఒక్కతీరుగనే పలుకుదుము. కాని మొదటిదాని బహువచనము ‘ఏండ్లు’. తమిళమున దాని జ్ఞాతి ‘ఆండు’. అరసున్న అచ్చట ఒకప్పటి అనునాసికమునకు గుర్తు, ‘నైట్’లోని జి–హెచ్ ఒకప్పటి ఊష్మమునకు గుర్తయినట్లే. లేనిచోట అరసున్న చేర్చి పాండిత్యము ప్రకటించుకొన్నవారి వ్రాతలు ‘డిలైట్’కు సోదరములు. మనము ముద్రణలో అరసున్నను దాదాపుగ విడిచితిమి. శకటరేఫమును కొందఱము పట్టుకొని యున్నాము, ఈ వ్యాసరచయితయు వారిలో నొకడు. విడుచుటవలన బాలురకు శ్రమ తగ్గినది, అది చిన్న లాభము కాదు. కాని ‘ఏఁడు’ ‘ఏండ్లు’ ఎట్లయ్యెనో చెప్పవలసివచ్చినపుడు అధ్యాపకుడు ఆ విడిచిన గుర్తునే వెదకికొనవలెను.

సంస్కర్తలు ఆంగ్లమునను లేకపోలేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టరు ప్రభావమున నాగలికి ‘ప్లౌ’ జి–హెచ్ లేకయే వ్రాయబడుచున్నది. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు మూడువందల పదముల సరళ వర్ణక్రమమును ప్రభుత్వముద్రణలో వాడుడని యాజ్ఞాపించెను. వానిలో ‘దో’, ‘త్రూ’లకు పొట్టిరూపములు కలవు. శాసనసభ అంగీకరింపలేదు. చికాగో ట్రిబ్యూన్ పత్రిక అట్టి రూపములను 1934లో చేపట్టి 1975లో విడిచెను. 1891లో అమెరికా భౌగోళికనామ మండలి పిట్స్‌బర్గ్ నగరనామమున తుది హెచ్‌ను తొలగించగా, 1911లో దానిని మరల నిలుపవలసివచ్చెను. మృతాక్షరముల యందు జనులకు గల మమకారము అట్టిది.

ఇక పదాదియందలి జంట. ‘గోస్ట్’ ప్రాచీనాంగ్లమున జి ఒక్కదానితోనే ‘గాస్ట్’ అని వ్రాయబడెడిది. కాక్స్‌టన్ ఫ్లాండర్సు ప్రాంతమున బ్రూజ్ నగరమున చాలకాలము నివసించి వచ్చినవాడు. అచ్చటి భాషలో ఈ పదమునకు జి–హెచ్ కలదు. ఆయన ముద్రించిన గ్రంథములలో అది ఆంగ్లపదమునకును అంటుకొన్నది. బాతునకు, మేకకును ఆ కాలమున అదే గతి పట్టెను గాని అవి తప్పించుకొన్నవి. ప్రేతము మాత్రము, దానితోపాటు భయంకరమను నర్థముగల ‘గాస్ట్లీ’యు, హెచ్‌ను విడువలేదు. ‘ఘెటో’ ఇటాలియనునుండి వచ్చినది. 1516లో వెనిసు నగరమున యూదులను నిర్బంధించి నివసింపజేసిన పేటకు పేరు. ఇటాలియనున ఎ, ఇ అను అచ్చులకు ముందు జి జకారమగును. కాకుండ కాపాడుటకే హెచ్ కావలి. ‘స్పఘెటీ’యందును అదియే పని. దీనిని మనము ఘకారముతో వ్రాయుట ఆ కావలివానిని ఇంటివానిగ భ్రమించుటయే.

మన దేశమునుండి ఆంగ్లమునకు చేరిన పదములలో జంట మఱొక పని చేయును. నేయి యను నర్థముగల ‘ఘీ’, రేవు, కనుమ అను నర్థములుగల ‘ఘాట్’—1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల ‘హాబ్సన్–జాబ్సన్’ నిఘంటువున నున్నవే—వీనియందు అది మహాప్రాణమైన ఘకారమునకు సంకేతము. చిన్న పడవ యగు ‘డింగీ’ హిందీ, వంగభాషలనుండి పోయినది. మూలమున మహాప్రాణము లేదు. అచ్చట హెచ్ ఇటాలియను పద్ధతిని గకారమును కాపాడుటకే చేరినది. ‘ఘాట్’ పదము సంస్కృత ‘ఘట్ట’మునుండి పుట్టి, ఉత్తరదేశభాషలలో నలిగి, ఆంగ్లమున ప్రవేశించి మరల మనయొద్దకు వచ్చినది. పర్వతపంక్తిని మనము తూర్పుకనుమలని అనువదించుకొంటిమి. 1944లో తిరుమలకు వేసిన మొదటి దారిని మాత్రము ఘాట్ రోడ్డనియే పిలిచితిమి.

అరబ్బీ, పారసీకములలోని ‘ఘైన్’ అను అక్షరమునకును ఆంగ్లులు జి–హెచ్‌నే వాడిరి. ఆ ధ్వని ఘకారము కాదు. జిహ్వామూలీయమునకు నాదము చేర్చినచో వచ్చునది. తెలుగువారు అట్టి పదములను రెండు ద్వారముల గ్రహించిరి. చెవిద్వారమున వచ్చినవి గరీబు, గైరుహాజరు, దగా, కాగితము. వీనిలో నొక్కదానికిని ఘకారము లేదు. మొగలాయి కూడ వీనితోడిదే. కంటిద్వారమున, అనగా ఆంగ్లపు అచ్చుప్రతినుండి, వచ్చినది ‘మొఘల్’. పాఠ్యగ్రంథములలో ఈ రెండును పక్కపక్కనే కనబడుచుండును, ఒకే వంశమునకు రెండు పేర్లవలె. పరిశోధకవిద్యార్థులు మన వ్యవహారమునందలి ఉర్దూ, పారసీక పదములను ఈ గీటురాతిపై గీచి చూడవచ్చును. ఘకారమున్నచోట ఆంగ్లలిపి నడుమనుండెనా యని యనుమానించుట న్యాయము. ‘ఆఫ్ఘన్’ పదమున ఘకారముతోపాటు తుది యచ్చు కుఱుచయగుటయు ఆంగ్లపు వ్రాతనే పట్టి యిచ్చుచున్నది. అది చెవిద్వారమున వచ్చియుండినచో మనము దానిని ‘అఫ్గాను’ అని వ్రాసియుందుము.